పాత ట్రక్కు క్యాబిన్: రేకు గోడకు ఏ తొడుగు?

పాత ట్రక్కును మళ్ళీ రోడ్డెక్కించాలనుకునేవాళ్ళు ఇంజను గురించి నెలల తరబడి ఆరా తీస్తారు. రంగు ఏ ఛాయలో ఉండాలో తేల్చుకోవడానికి పాత ప్రకటనలన్నీ తిరగేస్తారు. సీటు వెనకుండే రేకు గోడ వంతు వచ్చేసరికి ఆ ఓపిక మిగలదు. చేతికి దొరికిన ఫోమ్ షీటో, కార్పెట్టో తెచ్చి, జిగురు పూసి అతికించేస్తారు. నాలుగైదేళ్ళు గడిచాక ఆ తొడుగు ఊడదీస్తే రేకు కింది అంచు పొడిపొడిగా రాలుతుంది. బండికి మేలు చేద్దామని వేసిన తొడుగే బండిని తినేస్తుంది.

ఈ వ్యాసం ఆ గోడ గురించే. అమెరికాలో 1940ల చివర, 1950లలో తయారైన పికప్ ట్రక్కులను ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాను. క్యాబిన్ లోపలి గోడల మీద ఎక్కువ ప్రయోగాలూ, ఎక్కువ వాదాలూ జరిగింది వాటి చుట్టూనే. మొదట్లో ఆ గోడకు ఏముండేది, వేడినీ మోతనూ చెమ్మనూ ఏ పదార్థం ఎంతవరకు ఆపుతుంది, ఏది చేటు తెస్తుంది అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గోడకు ఏ తొడుగు మంచిదని అడిగితే సరుకు పేరు చెప్పి ఊరుకోలేం. నీరు దిగే దారి మూయనిది, కావలసినప్పుడు విప్పి చూసుకోగలిగినది మంచి తొడుగు. మిగిలిన లెక్కలన్నీ దాని తర్వాతే.

మొదట్లో ఏముండేది

తొలినాటి ట్రక్కులకు క్యాబిన్ గోడ అన్న మాటే లేదు. ఫోర్డ్ 1917లో తెచ్చిన మోడల్ టీటీ ట్రక్కు ఛాసిస్‌గా వచ్చేది. దాని మీద గది కట్టించుకోవడం కొనుక్కున్నవాడి పని. 1925లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ రనబౌట్‌కు వెనక చిన్న తొట్టి బిగించి, పికప్ పేరుతో ఫ్యాక్టరీ నుంచే అమ్మడం మొదలుపెట్టింది. 1930ల మధ్య వరకు చాలా క్యాబిన్లకు చెక్క చట్రం మీద రేకు కొట్టేవారు. పూర్తి ఉక్కు క్యాబిన్ ఆ తర్వాతే మామూలైంది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక క్యాబిన్ మీదే పోటీ నడిచింది. షెవర్లే 1947 వేసవిలో అడ్వాన్స్ డిజైన్ ట్రక్కులు తెచ్చి, 1955 మొదటి నెలల దాకా తయారుచేసింది. బయటి గాలిని లోపలికి తీసుకుని తిరిగి బయటికి పంపే ఏర్పాటు చూపించి, ఊపిరి పీల్చే క్యాబిన్ అని ప్రచారం చేసింది. ఫోర్డ్ 1948లో ఎఫ్-1 శ్రేణి విడుదల చేసి, పది లక్షల డాలర్ల క్యాబిన్ అని ప్రకటించుకుంది. చట్రం అదురు లోపలికి రాకుండా క్యాబిన్ కింద రబ్బరు దిమ్మలు పెట్టింది. అదే ఏడాది డాడ్జ్ తన పైలట్ హౌస్ క్యాబిన్‌తో వచ్చింది.

ఇంత ప్రచారం జరిగినా లోపల కనిపించేది మాత్రం రంగు వేసిన వట్టి రేకు, లేదంటే దళసరి అట్ట. పైకప్పు కింద, సీటు వెనక, కాళ్ళ పక్కన నీటికి కొంత ఓర్చుకునేలా తయారైన అట్టనో, పీచును నొక్కి చేసిన హార్డ్‌బోర్డునో అమర్చేవారు. మిసిసిపీ రాష్ట్రంలోని లారెల్ పట్టణంలో విలియం మేసన్ 1924లో కనిపెట్టిన మేసనైట్ ఈ కోవకు చెందిందే. తలుపు లోపలి వైపు ఉక్కుకే రంగు వేసి వదిలేసేవారు. నేల మీద రబ్బరు చాప, దాని కింద జనపనార మెత్త. హీటరు కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి.

ఆ అట్టను చూసి పిసినారితనం అనుకోవడం తేలిక. అది చేసిన పని గమనిస్తే అలా అనలేం. రేకు అతుకులనూ వెల్డింగు మచ్చలనూ కప్పింది. రేకుకీ తనకీ మధ్య కాస్త గాలి సందు వదిలింది. క్లిప్పులతోనో, సన్నని లోహపు పట్టీలతోనో, స్క్రూలతోనో నిలిచింది కాబట్టి కొన్ని నిమిషాల్లో ఊడివచ్చేది. తడిసి పాడైతే అట్ట పోయేది, రేకు మిగిలేది. ఈనాడు మనం వేసే ఖరీదైన పొరలు చాలావాటికి ఈ చివరి గుణం లేదు.

వేడి లెక్క

తొడుగు వేసేవారిలో ఎక్కువమంది వేడి తగ్గుతుందన్న ఆశతో వేస్తారు. ఆ ఆశ ఎంతవరకు తీరుతుందో అంకెలే చెబుతాయి. ఉక్కు వేడిని సులువుగా దాటనిస్తుంది. దాని ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి సుమారు 50 వాట్లు. మూసిన గదుల ఫోమ్, అంటే లోపలి గాలి బుడగలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకోని ఫోమ్‌ది 0.035 దగ్గర. అంటే ఒక మిల్లీమీటరు రేకుకు వేడిని ఆపే శక్తి దాదాపు లేదు. వట్టి గోడ దగ్గర వేడిని కాస్తయినా అడ్డుకునేది రేకుకు లోపలా బయటా అంటుకుని ఉండే పల్చటి గాలి పొరలే.

భవనాల గోడలకు వాడే ప్రామాణిక విలువలనే ఇక్కడా వేసి చూస్తే, వట్టి రేకు గుండా 100 పాళ్ళ వేడి వస్తోందనుకున్నప్పుడు 5 మిల్లీమీటర్ల ఫోమ్ అతికిస్తే 54 పాళ్ళు వస్తుంది. 10 మిల్లీమీటర్లయితే 37. 20 మిల్లీమీటర్లయితే 23. మొదటి సెంటీమీటరు అరవై పాళ్ళకు పైగా తగ్గిస్తే, రెండో సెంటీమీటరు తగ్గించేది మరో పద్నాలుగు మాత్రమే. సీటు వెనక చోటు ఇరుకైన బండిలో సెంటీమీటరు మందం దాటి పోవడంలో అర్థం లేదు.

ఇంకో లెక్క ఇంతకంటే ముఖ్యమైనది. బయట 40 డిగ్రీలు, లోపల 25 డిగ్రీలు ఉన్నప్పుడు నీడలో ఉన్న చదరపు మీటరు వట్టి రేకు గుండా వచ్చే వేడి 90 వాట్లకు మించదు. నేరుగా ఎండ పడుతున్న చదరపు మీటరు మామూలు గాజు 700 వాట్ల దాకా లోపలికి పంపగలదు. ముదురు రంగు పైకప్పు మండుటెండలో 70 డిగ్రీలు దాటుతుంది. ఇంజనుకీ మనిషికీ నడుమనున్న ముందు గోడా, సైలెన్సరు గొట్టం పైనున్న నేలా వాటంతటవే వేడిని పుట్టించినట్టు కాగుతాయి. ఈ వరసలో సీటు వెనక గోడది చివరి స్థానం. కాబట్టి వేడి కోసమే పని మొదలుపెట్టినవారు పైకప్పు, ముందు గోడ, నేల అయ్యాకే వెనక గోడకు రావాలి.

చలి ప్రాంతాల్లో సంగతి వేరు. మిన్నెసోటా, డకోటాల చలికాలంలో వీపుకు జానెడు దూరంలో గడ్డకట్టిన రేకు ఉంటే, హీటరు ఎంత తిరిగినా వీపు వణుకుతూనే ఉంటుంది. శరీరపు వేడి ఆ రేకు వైపు నేరుగా ప్రసరించి పోతుంది. అక్కడ వెనక గోడ తొడుగు నిజంగా సుఖాన్నిస్తుంది.

మెరిసే రేకు అంటించిన బుడగల షీట్ల గురించి ఒక మాట. మెరుగు అల్యూమినియం తనను తాకిన వేడి కిరణాల్లో తొంభై పాళ్ళకు పైగా తిప్పికొడుతుంది. అయితే ఆ గుణం పనిచేయాలంటే దాని ముఖానికి ఎదురుగా గాలి సందు ఉండాలి. రేకుకీ అట్టకీ మధ్య సందు లేకుండా ఇరికించిన మెరుపు షీటు ఒక పల్చటి ప్లాస్టిక్ పొర కిందే లెక్క. కొన్నవారిలో చాలామంది దాన్ని అలాగే ఇరికిస్తున్నారు.

మోత లెక్క

క్యాబిన్‌లో వినిపించే మోత ఒకటి కాదు, మూడు రకాలు. రేకు తనంతట తాను అదిరి చేసే దడదడ మొదటిది. సందుల్లోంచి గాలి మోసుకొచ్చే ఇంజను, టైర్ల చప్పుడు రెండోది. లోపలికి వచ్చిన చప్పుడు గట్టి గోడలకు తగిలి మళ్ళీ మళ్ళీ తిరగడం మూడోది. మూడింటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వాడడం వల్లే డబ్బు వృథా అవుతోంది.

మొదటిదానికి బ్యూటైల్ రబ్బరుకు అల్యూమినియం పొర అంటించిన పట్టీలు సరైన మందు. డైనమ్యాట్ వంటి పేర్లతో దొరికేవి ఇవే. మోగుతున్న డప్పు మీద అరచెయ్యి ఆనిస్తే మోత చచ్చిపోయినట్టు, రేకు నడిమధ్యన అంటించిన పట్టీ దాని అదురును తనలోకి తీసుకుని కాస్త వేడిగా మార్చేస్తుంది. అరచేతికి డప్పంతా కప్పే అవసరం లేదు, ఇక్కడా అంతే. గోడ వైశాల్యంలో నాలుగో వంతు కప్పితే దడదడలో ఎక్కువ భాగం పోతుంది. గోడంతా సందు లేకుండా అతికిస్తే బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, అదనపు ఫలితం మాత్రం కొంచెమే.

రెండో రకం మోతను బరువు ఆపుతుంది. గోడ బరువు రెట్టింపైతే దాటివచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందన్నది సిద్ధాంతం. ఒక మిల్లీమీటరు ఉక్కు రేకు చదరపు మీటరుకు దాదాపు 8 కిలోలు. ఆ 6 డెసిబెల్స్ కావాలంటే ఇంకో 8 కిలోలు మోయాలి. బరువైన వినైల్ షీట్లు ఈ పనికే వచ్చాయి. అయితే బరువు వేసేముందు బెజ్జాలు చూడాలి. గోడలో నూటికి ఒక పాలు తెరిచి ఉంటే, మిగతా గోడ ఎంత బరువైనదైనా శబ్దం 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. చదరపు మీటరున్నర గోడలో ఒక పాలు అంటే 150 చదరపు సెంటీమీటర్లు, అరచేతి కంటే కాస్త ఎక్కువ. పెడళ్ళ చుట్టూ, స్టీరింగు గొట్టం చుట్టూ, వైర్లు దూరే బెజ్జాల దగ్గర, ఎండిపోయిన తలుపు రబ్బర్ల వెంట లెక్కపెడితే పాత బండిలో అంత తెరపి సులువుగా తేలుతుంది. రబ్బరు గ్రోమెట్లూ, కొత్త తలుపు రబ్బర్లూ, సీమ్ సీలెంటూ కలిపి చేసే మేలు చాలాసార్లు ఖరీదైన షీట్ల కంటే ఎక్కువ. ఆ సందులు మూస్తే సైలెన్సరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి రావడమూ తగ్గుతుంది. ప్రాణానికి సంబంధించిన సంగతి కాబట్టి ఈ పనిని దేనికోసమూ వాయిదా వేయకూడదు.

మూడో రకానికి పీచు, మెత్త, తెరిచిన గదుల ఫోమ్ పనికొస్తాయి. వీటికీ హద్దుంది. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 120 పేలుళ్ళు జరుగుతాయి. ఆ హోరు తరంగం పొడవు దాదాపు 3 మీటర్లు. సెంటీమీటరు మందం మెత్త దాన్ని ఏమీ చేయలేదు. గాలి ఈల, గేర్ల కీచు వంటి సన్నని శబ్దాలనే అది మింగుతుంది. హోరు తగ్గాలంటే క్యాబిన్ కింది రబ్బరు దిమ్మలు, ఇంజను మౌంట్లు, సైలెన్సరు బాగుండాలి. గోడ మీద ఎన్ని పొరలు వేసినా వాటి లోటు తీరదు.

ఇది సుఖం ఒక్కదాని కోసమే కాదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 8 గంటల పనికి 85 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టింది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ తట్టుకునే సమయం సగమైపోతుంది. మోత తగ్గించడం డ్రైవరు చెవిని కాపాడడమే.

చెమ్మ లెక్క

వేడీ మోతా మనిషిని బాధపెడతాయి. చెమ్మ బండిని చంపుతుంది. ఈ ప్రశ్నంతటికీ కీలకం ఇక్కడే ఉంది.

నీరు రెండు దారుల్లో గోడ వెనక్కి చేరుతుంది. వెనక అద్దం రబ్బరు ఎండి, కుంచించుకుపోయి వాన నీటిని లోపలికి వదలడం ఒకటి. ఆ నీరు తొడుగు వెనక నుంచి జారి, గోడ అడుగు అతుకులోకీ, క్యాబిన్ మూలల్లోకీ చేరుతుంది. అడ్వాన్స్ డిజైన్ ట్రక్కుల్లో ఆ మూలలు రెండు రేకులు కలిసే చోట్లు, తుప్పుకు పేరుపడినవి. అక్కడి నీరు దిగే బెజ్జాలు మట్టితోనూ ఆకులతోనూ పూడిపోతే పని సులువుగా ముగుస్తుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఇంకా త్వరగా ముగుస్తుంది.

రెండో దారి ఆవిరి. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి, చర్మం కలిపి గంటకు 40 గ్రాములకు పైగానే నీటి ఆవిరి వదులుతాడు. లోపల 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా ఆ ఆవిరి నీటిబొట్లవుతుంది. చలికాలపు రేకు అంతకంటే చల్లగానే ఉంటుంది. పీచు మెత్త వేడిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. ఆవిరి మెత్తలోంచి దూరి, వెనకున్న రేకు మీద నీరవుతుంది. మెత్త ఆ నీటిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. పైనుంచి చూసేవారికి పొడి కార్పెట్టే కనిపిస్తుంది.

దీనికి చెప్పే మందులు రెండు. ఒక వర్గం గోడను పూర్తిగా మూసేయమంటుంది: మూసిన గదుల ఫోమ్‌ను అణువంత సందు లేకుండా అతికిస్తే ఆవిరి రేకును చేరదు. ఇంకో వర్గం గోడను ఊపిరి పీల్చనివ్వమంటుంది: పాత అట్టలా కాస్త ఎడంగా ప్యానెల్ బిగిస్తే, తడిసినా ఆరిపోతుంది. మొదటివారి మాట సమతలమైన రేకు మీద నిజం. ముడతలు, బెజ్జాలు, అతుకులు ఉన్నచోట నిజం కాదు. అక్కడ ఫోమ్ ఎక్కడో ఒకచోట లేస్తుంది, లేచినచోట నీరు చేరి ఆరకుండా ఉండిపోతుంది. కాబట్టి సమతలం మీద అతికించడం, మూలలనూ కింది రెండు అంగుళాలనూ రంగు వేసి వట్టిగా వదలడం, దానిపైన విప్పదగిన ప్యానెల్ బిగించడం, ఈ మూడూ కలిపితేనే నా లెక్కలో సరైన మందు.

ఏ సరుకు ఎలాంటిది

జనపనార, పాత గుడ్డల పీచుతో చేసిన మెత్తలు చవకైనవి, చప్పుడును బాగా మింగుతాయి, పాత బండి స్వభావానికి సరిపోతాయి. నీటిని పట్టి ఉంచడం వాటి లోపం. నేల మీద చాప కింద వేసి అప్పుడప్పుడూ ఎండబెట్టుకోగలిగితే మంచివే. నిలువు గోడకు జిగురుతో అతికించడం మాత్రం తప్పు.

మూసిన గదుల ఫోమ్, అంటే పాలీఇథిలీన్ లేదా నైట్రైల్ రబ్బరు ఫోమ్, నీటిని పీల్చదు. వెనక గోడకు దీన్నే మొదట ఎంచుకోవాలి. చూడడానికి ఒకేలా ఉండే మామూలు సీటు స్పాంజీకీ దీనికీ పొత్తు లేదు. స్పాంజి నీటిని తాగుతుంది. కొనేముందు ఒక ముక్క నీటిలో ముంచి, పిండి చూస్తే తేడా తెలిసిపోతుంది. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ పీచుతో చేసిన థిన్సులేట్ కూడా నీటిని పీల్చుకోదు. తలుపుల వంటి వంకర చోట్ల నింపడానికి అనువైనది.

ఇళ్ళ పైకప్పులకు వేసే తారు పట్టీలను బ్యూటైల్ బదులు వాడేవారున్నారు. ధరలో తేడా పెద్దదే. అయితే తారు ఎండకు మెత్తబడి జారుతుంది, వాసన కొడుతుంది, చివరికి పెచ్చులు కట్టి ఊడుతుంది. పైకప్పుకు, ముందు గోడకు దాన్ని వాడనే కూడదు.

డబ్బాలోంచి చిమ్మితే ఉబ్బే ఫోమ్ అన్నిటికంటే చెడ్డది. క్యాబిన్ మూలల్లోకీ, కింది బోలు దూలాల్లోకీ దాన్ని చిమ్మితే నీరు దిగే దారులన్నీ పూడిపోతాయి. తర్వాత అక్కడ వెల్డింగు చేయాల్సి వస్తే ఫోమ్ అంటుకుని విషపు పొగ వదులుతుంది. బోలు భాగాలకు కావలసింది లోపలికి పాకే మైనపు పూత, ఫోమ్ కాదు.

జిగురూ సీలెంటూ కూడా ఆలోచించి ఎంచుకోవాలి. మామూలు సిలికాన్ సీలెంటు ఆరేటప్పుడు పుల్లటి వాసన వస్తుంది. అది అసిటిక్ ఆమ్లం, ఉక్కును తినేస్తుంది. రేకు అతుకులకు పాలీయూరిథేన్ సీమ్ సీలెంటో, ఆమ్లం వదలని సిలికానో వాడాలి. పైకప్పు లోపలి వైపుకు ఎక్కువ వేడికి ఓర్చే జిగురే కావాలి. మామూలు స్ప్రే జిగురు ఎండకు మెత్తబడి, తొడుగు నెత్తిమీదకు దిగుతుంది.

పైకి కనిపించే తొడుగుకు 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు పాత ట్రక్కుకు అన్ని విధాలా తగినది. అంచులకు రెండు పూతల వార్నిష్ వేస్తే ఉబ్బదు. ఏబీఎస్ ప్లాస్టిక్ ప్యానెళ్ళు నీటికి చెక్కుచెదరవు, మోల్డులో పోసి చేస్తే ముడతలకు సరిపోతాయి. నేరుగా రేకుకు అతికించిన కార్పెట్టు చూపుకు మెత్తగా ఉంటుంది, విప్పడానికి వీల్లేదు. నేనైతే దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

నిప్పూ విషమూ

అమెరికాలో వాహనాల లోపలి సరుకు మండే వేగానికి హద్దు పెట్టిన ఫెడరల్ ప్రమాణం 302, 1972 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి మంట పాకకూడదని దాని నియమం. అంతకు ముందు తయారైన ట్రక్కులకు ఆ హద్దు లేదు. కాబట్టి ఇప్పుడు లోపల వేసే ప్రతి షీటూ ఆ పరీక్షకు నిలిచినదేనా అని చూసుకోవడం యజమాని బాధ్యత. ప్యాకింగు కోసం తయారైన ఫోమ్, ఇళ్ళ అలంకరణ గుడ్డ ఈ పనికి పనికిరావు.

ఈ జాగ్రత్తకు ప్రత్యేక కారణం ఉంది. షెవర్లే 1949లో పెట్రోలు ట్యాంకును క్యాబిన్ లోపలికి, సరిగ్గా సీటు వెనక్కి తెచ్చింది. 1972 మోడళ్ళ దాకా అది అక్కడే ఉంది. 1960ల ఫోర్డ్ పికప్‌లలోనూ అదే ఏర్పాటు. అంటే మనం ఇంతసేపూ మాట్లాడుకుంటున్న గోడకు ఆనుకుని పెట్రోలు ఉంటుంది. ట్యాంకు చుట్టూ ఫోమ్ కూరకూడదు. గేజి బిగించే చోటు, నింపే గొట్టం రబ్బరు చేతికి అందేలా వదలాలి. పెట్రోలు వాసన వస్తే తొడుగు వేయడం ఆపి ముందు ఆ లీకు పట్టుకోవాలి. చాలామంది ట్యాంకును తొట్టి కిందికి, చట్రం మధ్యకు మార్చుకుంటున్నారు. రోజూ నడిపే బండికి అది తెలివైన నిర్ణయం.

పాత పొరలు పీకేటప్పుడు ఇంకో రెండు ప్రమాదాలు. ఆ కాలపు ముందు గోడ మెత్తల్లో కొన్నిటిలో ఆస్బెస్టాస్ ఉండేది. పాత రంగుల్లో సీసం ఉండేది. గీరేముందు తడపాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి, ఆ దుమ్మును ఇంట్లోకి తేకూడదు. అనుమానం వస్తే ముక్కను పరీక్షకు పంపాలి.

అసలు రూపం నిలపాలా, సుఖం చూసుకోవాలా

పాత వాహనాల లోకంలో ఇది తెగని తగవు. 1935లో ఏర్పడిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా పోటీల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికే మార్కులు. అక్కడ బ్యూటైల్ పట్టీ కనిపిస్తే మార్కులు తగ్గుతాయి. రోజూ భార్యాపిల్లలతో తిరిగేవాడికి ఆ మార్కులతో పని లేదు.

విప్పదగిన తొడుగు ఈ తగవును చాలావరకు తీర్చేస్తుంది. రేకు మీద ఫోమ్, దానిపైన పాత పద్ధతి అట్ట, పాత బెజ్జాల్లోనే పాత రకం స్క్రూలు ఉంటే కంటికి 1950 నాటి క్యాబిన్ కనిపిస్తుంది, వీపుకు చలి తగలదు. కొత్త బెజ్జాలు వేయకపోవడం, అసలు అట్టను పారేయకుండా దాచడం, దాని అచ్చు తీసి కొత్తది కోయడం, ఇవి పాటిస్తే తర్వాతి యజమాని కోరుకున్నప్పుడు బండి తన పాత రూపానికి తిరిగి వస్తుంది. బండి మన తర్వాత కూడా ఉంటుందన్న గౌరవం పనిలో కనబడాలి.

మన లారీల సంగతి

మన దేశంలో ఈ ప్రశ్నకు ఇంకో రూపం ఉంది. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ఫార్గో ట్రక్కులు బిగించింది. 1948లో పుట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. టెల్కో 1954లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969 దాకా సాగింది. ఇలా వచ్చిన లారీల్లో చాలావాటికి ఛాసిస్, ముందు ముఖం మాత్రమే కంపెనీవి. క్యాబిన్‌ను బాడీ బిల్డర్లు చెక్క చట్రం మీద రేకు కొట్టి, లోపల ప్లైవుడ్, దానిపైన రెక్సిన్ వేసి కట్టారు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల తరాల తరబడి ఈ విద్య బతికింది.

ఆ క్యాబిన్లలో ఇంజను డ్రైవరు పక్కనే మూత కింద ఉండేది. కాబట్టి మన లారీలో అసలు గోడ ఆ ఇంజను మూతే. వేడికైనా మోతకైనా ముందు దాని అడుగు భాగానికి తొడుగు వేసి, అంచుల రబ్బరు మార్చాలి.

ఇప్పుడు ఏసీ వచ్చింది. 3.5 టన్నులు దాటిన ఎన్2, ఎన్3 తరగతుల సరుకు వాహనాల్లో 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యేవాటికి డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్రం నియమం తెచ్చింది. డ్రైవర్లకు ఎన్నడో అందవలసిన న్యాయం ఇది. పాత లారీలకు కూడా యజమానులు ఏసీ బిగిస్తున్నారు. అక్కడే చెమ్మ లెక్క తలకిందులవుతుంది. కోస్తాలో 33 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి 27 డిగ్రీల దగ్గరే నీరవడం మొదలవుతుంది. లోపల 24 డిగ్రీలు పెట్టుకుంటే, బయటి తడిగాలి గోడలోకి దూరి, చల్లబడిన ప్లైవుడ్ వెనక నీరవుతుంది. రెక్సిన్ ఆవిరిని దాటనివ్వదు కాబట్టి ఆ నీటికి లోపలికి ఆరే దారి కూడా ఉండదు. ప్లైవుడ్ ఉబ్బుతుంది, బూజు పడుతుంది, స్క్రూలు తుప్పుపడతాయి.

చలిదేశంలో ఆవిరి లోపలి నుంచి బయటికి నడుస్తుంది, మన కోస్తాలో బయటి నుంచి లోపలికి. అమెరికా వీడియో చూసి అక్కడి పొరల వరసను ఇక్కడ వేస్తే అందుకే నష్టపోతాం. మన క్యాబిన్‌లో ఆవిరిని ఆపే పొర బయటి రేకును అంటుకునే ఉండాలి. రేకు లోపలి వైపు గట్టిగా అతికించిన మూసిన గదుల ఫోమ్ ఆ పని చేస్తుంది. లోపలి తొడుగుకు గుచ్చిన చిన్న బెజ్జాలున్న రెక్సినో, గుడ్డో వాడితే ప్లైవుడ్ ఆరుతుంది.

పని వరస, నా తీర్పు

ఇంతవరకు చూసినదాన్ని పనిలో పెడితే వరస ఇలా ఉంటుంది. ముందు వెనక అద్దం రబ్బరు మార్చి, గొట్టంతో నీళ్ళు కొట్టి లీకులు చూడాలి. తుప్పును గీరి, చిల్లులున్నచోట రేకు కోసి వెల్డింగు చేయాలి. తొడుగు వేశాక వెల్డింగు మాట ఎత్తకూడదు. ఎపాక్సీ ప్రైమరు, రంగు వేయాలి. అతుకులకు సీలెంటు, బోలు మూలలకు మైనం పట్టించాలి. నీరు దిగే బెజ్జాలను తీగతో పొడిచి తెరవాలి. వైర్లను గ్రోమెట్లలోంచి తీసి, ఫ్యూజు పెట్టాలి. ఆ తర్వాత నాలుగో వంతు బ్యూటైల్ పట్టీలు, సెంటీమీటరు మించని ఫోమ్, చివర స్క్రూలతో బిగించిన ప్యానెల్.

ఈ పనిలో డబ్బు తక్కువైతే పైనుంచి కోసుకోవాలి, కిందినుంచి కాదు. ఫోమ్ లేకుండా కేవలం రంగు వేసిన రేకూ అట్టా ఉన్న క్యాబిన్ ఇంకో యాభై ఏళ్ళు బతుకుతుంది. తుప్పు మీద ఖరీదైన ఫోమ్ వేసిన క్యాబిన్ పదేళ్ళు కూడా నిలవదు.

బండి యజమానులకూ, మెకానిక్కులకూ, టింకరింగు పనివారికీ నా విన్నపం ఒక్కటే. తొడుగు బిగించేముందు ఆ గోడను ఫోటో తీసి పెట్టుకోండి. ప్యానెల్‌కు జిగురు మానేసి స్క్రూలు వాడండి. కింద రెండు అంగుళాలు వదలండి. ఏడాదికోసారి, వానలు వెళ్ళగానే, ప్యానెల్ విప్పి రేకు చూడండి.